రాగితీగ మీద ఆడిన ఆంప్లిఫయరు

మీ షాపులో రెండు ఆంప్లిఫయర్లు పక్కపక్కన పెట్టి, ఒకే పాట వినిపించి, "ఏది బాగుందండి?" అని కస్టమర్ని అడుగుతారే, ఆయన ఏది చూపిస్తాడో మీకు ముందే తెలుసా, తెలియదా?

తెలియదని బుకాయించకండి. రాజమండ్రిలో నేను ఆ ప్రశ్న ఏళ్ళ తరబడి అడిగాను. జవాబు ప్రతిసారీ నాకు ముందే తెలుసు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ట్రాన్సిస్టరు కాళ్ళు ఎక్కడ అతకాలో మీకు పుస్తకాలు చెబుతాయి. నా జీతం ఎప్పుడు పెరిగింది, సొంత షాపు ఎప్పుడు పెట్టాను అన్నది మీకు అనవసరం. నేను చెప్పదలచింది భయం గురించి. కరెంటు షాకు భయం కాదు. అది కొడితే చెయ్యి వెనక్కి వస్తుంది, కథ అయిపోతుంది. మనం చేసిన పెట్టె మన కళ్ళకు కనపడని ఇంట్లో, మన పేరు కూడా తెలియని మనిషి పక్కన ఏం చేస్తోందో అన్న భయం. అది లేనివాడు ఈ పని చేయకూడదు. నాకు అది చాలా ఆలస్యంగా వచ్చింది.

పోలిక బల్ల

తొంభైల్లో నేను మెయిన్ రోడ్డులో భాస్కరరావు గారి షాపులో టెక్నీషియన్ని. ఆంప్లిఫయర్లు మేమే అసెంబుల్ చేసేవాళ్ళం. ఇనప పెట్టెలు కాకినాడ నుంచి వచ్చేవి, లోపలి సరంజామా నేను బిగించేవాణ్ణి. వాటితోపాటు బయటి కంపెనీల సెట్లు కూడా రెండు రకాలు అమ్మేవాళ్ళం. షాపు మధ్యలో ఒక బల్ల, దాని మీద మూడు ఆంప్లిఫయర్లు, గోడకు నాలుగు జతల స్పీకర్లు, చేతికందేలా ఒక తిప్పుడు స్విచ్చి. ఒక మెట్టు తిప్పితే ఒక ఆంప్లిఫయరు, ఇంకో మెట్టు తిప్పితే ఇంకొకటి. పాట అదే, స్పీకరు అదే. చూసేవాడికి ఇంతకన్నా న్యాయమైన పరీక్ష లేదనిపిస్తుంది.

బల్ల అడుగున ఒక రెసిస్టరు దాచి ఉండేది. మాకు లాభం తక్కువ వచ్చే సెట్టు దాని గుండా పాడేది. దాని శబ్దం పోల్చుకోలేనంత కొద్దిగా తగ్గేది. మనిషి చెవికి ఒక జబ్బుంది. కాస్త గట్టిగా వినిపించినదాన్ని అది 'గట్టిగా ఉంది' అనుకోదు, 'బాగుంది' అనుకుంటుంది. గొంతు పెంచినవాడిదే న్యాయమనుకునే జనానికీ ఇదే జబ్బు.

భాస్కరరావు గారు ఆ రెసిస్టరుని తాయెత్తు అనేవారు. పొద్దున్నే షట్టరు ఎత్తుతూ, "తాయెత్తు కట్టావా వీర్రాజూ?" అని అడిగేవారు. "కట్టానండి" అనేవాణ్ణి.

అప్పట్లో నేను హేతువాద సభల్లో మాట్లాడేవాణ్ణి. అరచేతిలో కర్పూరం వెలిగించి, గాల్లోంచి విబూది తీసి, మహిమల గుట్టు ఊరూరా విప్పేవాణ్ణి. నాతో వాదానికి దిగిన పెద్దవాళ్ళు చెమటలు తుడుచుకునేవారు. ఆదివారం సాయంత్రం తాయెత్తులు తెంపమని ఉపన్యాసం, సోమవారం పొద్దున బల్ల కింద తాయెత్తు కట్టడం. రెండూ ఈ చేతులే చేశాయి. వ్యాపారం వేరు, సిద్ధాంతం వేరు అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. దొంగబాబాలు కూడా తమకు తాము అదే చెప్పుకుంటారు.

దుప్పటి పరీక్ష

ఒక వానాకాలం మధ్యాహ్నం బేరాల్లేవు. నాకు పట్టుదల వచ్చింది. రెసిస్టరు పీకేశాను. ఒకే స్వరం పలికే క్యాసెట్టు పెట్టి, స్పీకరు తీగల దగ్గర మీటరు ఆనించి, మూడు ఆంప్లిఫయర్ల శబ్దమూ సమానంగా సరిచేశాను. వాటికి దుప్పటి అడ్డం కట్టాను. పక్క టీకొట్టు నాగేశ్వర్రావునీ, బ్యాంకు గుమాస్తా ఒకాయన్నీ, మా ఓనరునీ కూర్చోబెట్టి, ఏది ఏ సెట్టో చీటీల మీద రాయమన్నాను.

"అన్నీ ఒకటే పాడుతున్నాయి కదయ్యా!" అన్నాడు నాగేశ్వర్రావు.

"గ్లాసుల మోతకి నీ చెవులు ఎప్పుడో పోయాయి. నువ్వూరుకో" అన్నారు భాస్కరరావు గారు.

చీటీలు విప్పాం. మా ఓనరు అన్నింటికన్నా ఖరీదైనదని రాసింది అన్నింటికన్నా చవకది. నాగేశ్వర్రావు ఊరుకోలేదు. "గ్లాసులు కడగటానికి వస్తావేంటి భాస్కర్రావ్, రేపట్నించి?" అన్నాడు. మా ఓనరు మొహం కందగడ్డ అయింది. "చెవుల మీద బతికేవాణ్ణి, నాకే పరీక్ష పెడతావా?" అని నామీద విరుచుకుపడ్డారు.

కాని పరీక్ష అక్కడితో ఆగలేదు. స్పీకర్లు మార్చాను. స్పీకరు వెనక ఎనిమిది ఓములు అని ఉంటే అది ఆంప్లిఫయరు దగ్గర కరెంటు మితంగా తాగుతుంది. నాలుగని ఉంటే రెట్టింపు తాగుతుంది. రెండు జతలు కలిపి తగిలిస్తే ఇంకా ఎక్కువ. ఎనిమిది ఓముల స్పీకర్లతో మూడు ఆంప్లిఫయర్లూ అన్నదమ్ముల్లా పాడాయి. నాలుగు ఓముల పెట్టెలు తగిలించి శబ్దం పెంచేసరికి మా షాపు సొంత సెట్టు ఆయాసపడింది. మాటలు గరగరలాడాయి. వెనక వేడిని బయటికి పంపే అల్యూమినియం రెక్కల మీద వేలు పెడితే చురుక్కుమంది.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్న మొదటి నిజం ఇది. మంచి ఆంప్లిఫయరు, చెడ్డ ఆంప్లిఫయరు అని విడిగా ఉండవు. సరైన జత, తప్పు జత ఉంటాయి. ఏ ఆంప్లిఫయరుకు ఏ స్పీకర్లు తగిలించవచ్చో, ఏవి తగిలించకూడదో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. అది నా చేతిరాతే. అందువల్ల తర్వాత జరిగినదానికి 'నాకు తెలియదు' అనే సాకు నాకు మిగలలేదు.

శనివారం వచ్చిన మాస్టారు

నిడదవోలు అవతల ఒక పల్లెటూరి హైస్కూలు మాస్టారు, పేరు ఐజాక్ గారు, ఒక శనివారం షాపుకొచ్చారు. ఆయన తల్లి దీవెనమ్మ గారికి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. మంచం దిగలేదు. వినికిడి కూడా తగ్గింది.

"నాకు దడదడలాడే బేస్ వద్దండి. అమ్మకి మాట తెలియాలి. ఆదివారం మేమంతా గుడికెళ్తే తనొక్కతే ఉంటది. పాటలు పెట్టి వెళ్తాం. ఇప్పుడున్న సెట్టు తనకి వినపట్టం లేదు."

అన్ని జతలూ వినిపించాను. ఆయన పాట వినలేదు, పాటలో మాటలు విన్నారు. కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ, నాలుగు ఓముల పెట్టెలు పాడినప్పుడు చెయ్యెత్తారు. ఆ షాపులో నాకు తెలిసి చెవిని సరిగ్గా వాడిన కస్టమరు ఆయనొక్కరే.

ఆ పెట్టెలకు తగ్గ ఆంప్లిఫయరు కంపెనీది. భాస్కరరావు గారు మా షాపు సెట్టు ముందుకు తోశారు. పైగా మాస్టారు, "హాల్లో పాత స్పీకర్లున్నాయండి, ఎనిమిది ఓములవి. అవీ ఇవీ కలిపి పాడాలి" అన్నారు.

"భేషుగ్గా పాడతాయి. వీర్రాజూ, రెండు జతలూ కలిపి గట్టిగా పెట్టి చూపించు" అన్నారు మా ఓనరు.

పెట్టాను. ఒక పల్లవి పాడింది. టప్పున ఆగిపోయింది. ఫ్యూజు పోయింది.

"ఏమైందండి?" అన్నారు మాస్టారు.

"లో ఓల్టేజి సార్. సాయంత్రం పూట మన లైన్లో మామూలే" అన్నారు భాస్కరరావు గారు. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "తీగ కట్టవోయ్. మళ్ళీ పోయిందంటే పార్టీ వెళ్ళిపోద్ది."

"ఈ జత వద్దని గోడ మీద రాసి పెట్టానండి."

"నువ్వు రాసింది గోడకి. నాకు కాదు."

కట్టాను. ఒక వైరు తొక్క ఒలిచి, రాగి పోగులు నాలుగు మెలిపెట్టి, ఫ్యూజు ఉండే చోట బిగించాను. మన ప్రాంతంలో ఇది ఎంత మామూలు అలవాటో మీకు చెప్పక్కర్లేదు. ఓల్టేజి ఊగిసలాడినప్పుడల్లా ఫ్యూజు పోతుంది, కొత్తది కొనడానికి బద్ధకం, తీగ కడతాం. కాని ఆ రోజు ఫ్యూజు పోవడం జబ్బు కాదు. ఈ జత తప్పని ఆ పెట్టెలో నిజం చెప్పింది అదొక్కటే. దాని నోరు నేను నొక్కేశాను.

ప్యాక్ చేసే ముందు మార్చాలని కొత్త ఫ్యూజు తీసి నా బల్ల మీద పెట్టుకున్నాను. ఈలోగా వేరే పార్టీ వస్తే వాళ్ళకు టేపురికార్డరు చూపిస్తున్నాను. మాస్టారి సెట్టు భాస్కరరావు గారే ప్యాక్ చేసి బస్సు ఎక్కించి వచ్చారు.

ఆదివారం

మర్నాడు పొద్దున బల్ల సర్దుకోవడానికి షాపుకు వెళ్ళాను. టంకం చుట్ట పక్కన రెండు గాజు ఫ్యూజులు కనబడ్డాయి. ఒకటి లోపల నల్లగా మాడినది. రెండోది కొత్తది, తళతళలాడుతోంది.

అంటే మాస్టారి సెట్టు తీగతోనే వెళ్ళిపోయింది. ఆదివారం. గుడి. పాటలు పెట్టి వెళ్తాం. తనొక్కతే ఉంటది. ఆయన మాటలన్నీ వరసగా చెవిలో మోగాయి.

బిల్లు పుస్తకంలో స్కూలు ఫోను నెంబరు మాత్రమే ఉంది. ఎస్టీడీ బూత్ నుంచి చేశాను. ఎవరూ లేని ఆఫీసు గదిలో గంట మోగుతూనే ఉంది. పెట్టేసి మళ్ళీ చేశాను. మోగుతూనే ఉంది.

భాస్కరరావు గారింటికి పరిగెత్తాను. ఆయన పెసరట్టు తింటున్నారు.

"ఆదివారం పూట ఏంటయ్యా ఈ గోల? రేపెళ్ళి మార్చొద్దువుగాని."

"మాస్టారి అమ్మగారు మంచం మీంచి లేవలేరండి. ఇంట్లో ఎవరూ ఉండరు."

"ఏమీ అవ్వదోయ్. ఈ జిల్లాలో సగం సెట్లు తీగల మీదే ఆడుతున్నాయి. ఎన్ని తగలబడ్డాయి?"

ఆయన నన్ను ఊరడించడానికే ఆ మాట అన్నారు. ఆ సగంలో నేను కట్టినవి ఎన్ని?

పాసింజరు బండి పట్టుకున్నాను. అది గోదావరి బ్రిడ్జి మీదికి ఎక్కి, నడిమధ్యలో ఆగిపోయింది. కింద నీళ్ళు తీరిగ్గా పోతున్నాయి. పక్కనాయన వేరుశెనగలు ఒలుచుకుంటూ, "క్రాసింగేమోనండి, టైము పడద్ది" అన్నాడు. నా బుర్రలో మాత్రం ఒక లెక్క ఆగకుండా నడుస్తోంది. పాట గట్టిగా పెడతారు. రెండు జతలూ కరెంటు లాగుతాయి. రెక్కలు కాలతాయి. ట్రాన్సిస్టరు పోతుంది. అప్పుడు ఫ్యూజు తెగాలి. తెగదు, నేను కట్టిన తీగ తెగదు. ట్రాన్స్‌ఫార్మరు కాలడం మొదలవుతుంది. ఆ పక్కన కర్టెన్లుంటాయా? మంచం ఎంత దూరంలో ఉంటుంది? ఆవిడ కేకేస్తే వినేవాళ్ళెవరు? జీవితంలో ఎన్నడూ ఎవరికీ మొక్కనివాణ్ణి, ఆ బ్రిడ్జి మీద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీ ఊచలు పట్టుకున్నాను.

నిడదవోలులో దిగి, స్టేషను ఎదుట కొట్లో చేతి వాచీ తాకట్టు పెట్టి అద్దె సైకిలు తీసుకున్నాను. కాలవ గట్టు వెంట తొక్కుతూ, ఊరు కనబడ్డ దగ్గర్నుంచి ఆకాశంలో పొగ కోసం చూశాను. లేదు. లేదని సంతోషించడానికి కూడా భయం వేసింది.

గుడిలోంచి పాట వినబడుతోంది. మాస్టారింట్లోంచి పాట రావడం లేదు. తలుపుకు బయట గడియ పెట్టి ఉంది. లోపల ఏదో కందిరీగల తుట్టెలా రొద. గడియ తీశాను. కాలిన వార్నిషు వాసన గుప్పున కొట్టింది.

ఆంప్లిఫయరు మంచం తలవైపు స్టూలు మీద ఉంది. దుమ్ము పడకుండా దాని మీద ఊలుతో అల్లిన గుడ్డ కప్పారు. గుడ్డ నడుమ రొట్టె మాడినట్టు గోధుమరంగు మచ్చ, దాని చుట్టూ సన్నగా పొగ. ప్లగ్గు పీకేశాను. గుడ్డ లాగితే రేకుకు అంటుకుని చిరిగింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. రొద ఆగింది.

"ఎవర్రా అది?" అన్నారు దీవెనమ్మ గారు. ఆవిడ మొహం గోడవైపు ఉంది.

"రాజమండ్రి నించండి. సెట్టు అమ్మినోళ్ళం" అని చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

"పాట ఆగిపోయింది బాబూ. ఇందాకట్నించి కమురు వాసనొస్తంది. కోడలు పొయ్యి మీద ఏవన్నా మర్చిపోయిందేమో అనుకున్నా. లేచి చూసేదాన్నా పెట్టేదాన్నా, పడుకుని దగ్గుతున్నా."

సాక్ష్యం

గుడి విడిచాక మాస్టారు, ఆయన భార్య, వెనకే పాస్టరు గారూ, ఇరుగుపొరుగూ వచ్చారు. కాలిన గుడ్డ చూసి మాస్టారి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీకెలా తెలిసిందండి? రాజమండ్రి నుంచి సరిగ్గా ఈ టయానికి ఎలా వచ్చారు?" అన్నారు మాస్టారు.

ఎన్నో సభల్లో తడుముకోకుండా మాట్లాడిన నోరు ఇది. "ఎందుకో మనసు కీడు శంకించిందండి" అంది.

"ప్రభువు పంపాడ్రా" అన్నారు దీవెనమ్మ గారు. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. పాస్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే ఆదివారం మీరే వచ్చి సంఘం ముందు రెండు ముక్కలు సాక్ష్యం చెప్పాలండి" అన్నారు. తల ఊపాను.

మహిమల గుట్టు విప్పుతానని తిరిగినవాణ్ణి, స్వయంగా ఒక మహిమనై కూర్చున్నాను. ఆ కుటుంబం విశ్వాసం వాళ్ళది. దాన్ని నేనిక్కడ ఎగతాళి చేయడం లేదు. మోసం నాది. మనిషి చేసిన తప్పు కనబడకుండా దాచిన చోటల్లా ఒక మహిమ మొలుస్తుందని ఎన్ని వేదికల మీద చెప్పానో! అది నా నోట్లోంచే మొలుస్తుంటే చూశాను.

భాస్కరరావు గారు విని పొట్ట పట్టుకు నవ్వారు. "వెళ్ళి చెప్పవోయ్, షాపుకి పేరొస్తది. మీ హేతువాదం వాళ్ళక్కూడా చెప్పు, దేవుడు నిన్ను టెక్నీషియన్‌గా పెట్టుకున్నాడని!"

వారం రోజులు ఒకటే ఆలోచన. చెబితే కొడతారేమో, పోలీసు కేసు పెడతారేమో, ఉద్యోగం పోతుందేమో. అన్నింటికన్నా, నన్ను ప్రభువు పంపాడన్న మనిషి మొహం ఎలా మారుతుందో.

ఆదివారం పొద్దున, గుడికి ముందు, ఇంటికే వెళ్ళి చెప్పాను. కొత్త ఫ్యూజు తీసి మంచం మీద పెట్టి, ఇది మీ సెట్టులో ఉండాల్సింది, నా బల్ల మీద ఉండిపోయింది, దాని బదులు నేను తీగ కట్టాను, ఆ జత తప్పని తెలిసే కట్టాను, అన్నాను.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. చెయ్యి పైకెత్తారు, దించేశారు. "మా అమ్మని..." అని, మాట పూర్తి చేయలేక బయటికి వెళ్ళిపోయారు.

దీవెనమ్మ గారు అడిగారు. "ఆ రోజు నువ్వు రాకపోయినా నీ తప్పు ఎవుళ్ళకీ తెలిసేది కాదు గదా. ఎందుకొచ్చావ్?"

"భయమేసిందండి."

"ఆ భయం ఎవరు పెట్టారంటా?"

"నేను చేసిన పనేనండి."

"సర్లే. నీ లెక్క నీది, నా లెక్క నాది. ఈ తీగ ముక్క మట్టుకు గుళ్ళో చెప్పు. అందరిళ్ళలోనూ సెట్లున్నాయి."

చెప్పాను. పాస్టరు గారి మొహం మాడింది, జనంలో గుసగుసలు లేచాయి. ఎవరూ నన్ను కొట్టలేదు. అయితే ఆ మధ్యాహ్నం మాస్టారి అరుగు మీదికి జనం తమ సెట్లు మోసుకొచ్చారు. స్క్రూడ్రైవరు తీసుకుని ఒక్కొక్క మూత విప్పాను. కొన్నింట్లో ఫ్యూజు ఉంది. కొన్నింట్లో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం, ఒకదాంట్లో గుండుసూది. నాలుగో ఐదో మూత తీసేసరికి చెయ్యి ఆగిపోయింది. నాలుగు రాగి పోగులు, ఎడమవైపుకు మెలిక, కొస లోపలికి మడత. అలా మడిచేది నేనొక్కణ్ణే. ఆ సెట్టు తెచ్చిన మనిషి చంకలో పసిపిల్ల ఉంది. "ఇది దీని ఉయ్యాల కిందే పెడతామండి, జోలపాటలకి" అన్నాడు.

మిగిలిన ఇళ్ళు

మంగళవారం భాస్కరరావు గారి దగ్గర ఉద్యోగం మానేశాను. తర్వాత రెండేళ్ళపాటు తీరిక దొరికినప్పుడల్లా, గుర్తున్న ఇళ్ళు వెతుక్కుంటూ తిరిగాను. కొవ్వూరు, కడియం, ధవళేశ్వరం. కొందరు టీ ఇచ్చారు, కొందరు గుమ్మంలోంచే తిట్టి పంపారు. ఆ తిట్లు నాకు రావాల్సినవే. కొందరు ఇల్లు మారిపోయారు. కొందరు సెట్టు ఎవరికో ఇచ్చేశామన్నారు. ఎవరికన్నది గుర్తులేదన్నారు. అవి నాకు ఇప్పటికీ దొరకలేదు. ఏ ఊళ్ళోనైనా ఇల్లు కాలిందని పేపర్లో చదివితే, 'షార్ట్ సర్క్యూట్' అన్న మాట దగ్గర నా కళ్ళు ఇవాళ్టికీ ఆగిపోతాయి. ఆ ఊరికి ఎప్పుడైనా సెట్టు పంపానా అని ఆలోచిస్తాను. జవాబు చెప్పేవాళ్ళు లేరు.

సొంత షాపు పెట్టుకున్నాక రెండు నియమాలు పెట్టుకున్నాను. పోలిక అంటే శబ్దాలు మీటరుతో సమానం చేసి, కస్టమరు ఇంట్లో ఉన్న స్పీకర్లతోనే చూపించాలి. ఫ్యూజు పోతే బేరం అక్కడితో ఆపేయాలి. రెండో నియమం వల్ల చాలా బేరాలు పోయాయి. పోనివ్వండి.

మీరు ఇంకా చిన్నవాళ్ళు. మీరు సెట్లు పంపిన ఇళ్ళు మీకింకా గుర్తున్నాయి, ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. నాకు లేని వెసులుబాటు అది. అనుభవాలు చదివి తల పంకించి పడుకునేవాళ్ళ కోసం నేనిది రాయలేదు. కాగితం తీసుకోండి. ఫ్యూజు బదులు తీగ కట్టిన ఇళ్ళు, మోయలేని స్పీకర్లు అంటగట్టిన ఇళ్ళు, ఒక్కటి కూడా దాచకుండా రాయండి. మొదటి ఇంటికి ఈరోజే వెళ్ళండి. మూత మీ చేత్తోనే విప్పండి, ఏం చేశారో వాళ్ళ మొహం చూసి చెప్పండి, సరిచేసి రండి. రేపు రెండో ఇల్లు. కదలండి.